ఏడు రోజులూ క్యోటోకే

జపాన్‌కు మొదటిసారి వెళ్ళాలనుకునే కుటుంబాలు వేసుకునే పథకం దాదాపు ఒకేలా ఉంటుంది. చేతిలో ఉన్నది వారం రోజుల సెలవు. టోక్యోకి రెండు రోజులు, ఫూజీ పర్వతానికి ఒకటి, క్యోటోకి ఒకటి, మహా అయితే ఒకటిన్నర, ఒసాకాకి ఒక పూట, హిరోషిమాకి ఒక పూట, మళ్ళీ టోక్యో, తిరుగు విమానం. కాగితం మీద ముచ్చటగానే కనిపిస్తుంది. అందులో క్యోటో వాటా ఎంతో ఒకసారి చూడండి. 794లో కమ్ము చక్రవర్తి తన రాజధానిగా కట్టించిన నగరం అది. 1868 దాకా, అంటే వెయ్యేళ్ళకు పైగా, చక్రవర్తి కొలువు అక్కడే ఉంది. దానిలోనూ, పొరుగున ఉన్న ఉజి, ఒత్సు పట్టణాల్లోనూ కలిపి పదిహేడు స్థలాలను 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి ఊరికి ఒక పగలూ ఒక రాత్రీ కేటాయిస్తున్నాం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచింది ఒక్కటే. మొదటి ప్రయాణంలో ఆ వారం మొత్తం క్యోటోకే ఇవ్వండి. ఒకే చోట బస చేసి, ఆ ఒక్క ఊరినే తీరిగ్గా చూడండి. ఇది కొందరికి పిసినారితనంగా, కొందరికి మొండితనంగా అనిపించవచ్చు. అందుకే కారణాలన్నీ మీ ముందు పెడతాను, మీకు తోచే అభ్యంతరాలకు కూడా జవాబు వెతుకుతాను.

ముందు కాలం లెక్క చూద్దాం. జపాన్‌లో హోటళ్ళు సాధారణంగా పొద్దున పది, పదకొండు గంటలకల్లా గది ఖాళీ చేయమంటాయి. కొత్త గది మధ్యాహ్నం మూడింటికి గాని ఇవ్వవు. ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడం, స్టేషన్‌కు చేరడం, రైలు, మళ్ళీ స్టేషన్ నుంచి బసకు వెళ్ళడం, వీటితోనే సగం పగలు కరిగిపోతుంది. నాలుగు ఊళ్ళు పెట్టుకుంటే వారంలో రెండు పగళ్ళు పెట్టెల పాలే. టోక్యో నుంచి క్యోటోకి నోజొమి బుల్లెట్ రైలు రెండుంబావు గంటల్లో వస్తుంది, నిజమే, కాని ఆ రెండుంబావు గంటలకు ముందూ వెనకా ఉండే సమయాన్ని ఎవరూ పథకంలో రాసుకోరు. డబ్బు సంగతీ అంతే. విదేశీయుల కోసం ఉన్న ఏడు రోజుల రైలు పాస్ ఒకప్పుడు 29,650 యెన్‌లు ఉండేది. 2023 అక్టోబరులో దాన్ని 50,000 యెన్‌లు చేశారు. ఆ పాస్ కొన్నాం కాబట్టి గిట్టుబాటు కావాలని రోజుకో ఊరు తిరిగే పద్ధతికి ఇప్పుడు అర్థమే లేదు. క్యోటోలోనే ఉండేవారికి ఆ పాస్ అక్కర్లేదు. ఒసాకా దగ్గర సముద్రంలో కట్టిన కాన్సాయ్ విమానాశ్రయంలో దిగితే హరుకా అనే రైలు గంటా ఇరవై నిమిషాల లోపే నేరుగా క్యోటో స్టేషన్‌లో దింపుతుంది. మన హైదరాబాదు నుంచి బ్యాంకాక్, సింగపూర్, హాంగ్‌కాంగ్ మీదుగా వెళ్ళేవారు టోక్యో ముఖం చూడకుండానే అక్కడికి చేరవచ్చు.

ఇక ఊరి పోలిక. క్యోటోని అర్థం చేసుకోవడానికి మన ఇంట్లోని చేటను తలచుకుంటే చాలు. మూడు వైపులా అంచు లేచి, ఒక వైపు తెరిచి ఉంటుంది కదా. ఉత్తరాన, తూర్పున, పడమర కొండలు. దక్షిణం వైపు మైదానం. రైల్వే స్టేషన్ ఆ తెరిచిన వైపు ఉంది. నడుమ సమతలం మీద, చైనాలోని తాంగ్ వంశపు రాజధాని చాంగాన్ నమూనాలో, చదరంగం గళ్ళలా వీధులు గీశారు. తూర్పు పడమరలుగా నాలుగున్నర, ఉత్తర దక్షిణాలుగా అయిదు కిలోమీటర్ల పైచిలుకు ఆ పాత పట్టణం. రాజభవనాలు, అంగళ్ళు, చేనేతవారి వాడలు ఆ గళ్ళలో ఉండేవి. పేరుమోసిన ఆలయాల్లో చాలావరకు కొండల మొదట్లో, అంటే చేట అంచు వెంబడి ఉన్నాయి. బంగారు మంటపమున్న కింకాకుజీ వాయవ్య మూల. వెదురు వనం ఉన్న అరషియామా పడమటి కొస. కియోమిజు ఆలయం తూర్పు కొండ మీద. వేల ఎర్రని తోరణాల ఫుషిమి ఇనారి ఆగ్నేయంలో. వీటన్నిటినీ ఒక్క రోజులో చుట్టేయాలని వచ్చినవారు ఆ రోజంతా అంచు నుంచి అంచుకి, నడిమి ఊరిని బస్సు కిటికీలోంచి చూస్తూ తిరుగుతారు. స్టేషన్ నుంచి కింకాకుజీకి బస్సులో నలభై నిమిషాలు పడుతుంది, రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ. పైగా ఆలయాలు చాలావరకు సాయంత్రం నాలుగున్నరా అయిదింటికల్లా మూసేస్తారు. తొమ్మిదింటికి బయల్దేరిన మనిషికి చేతిలో ఉండేది ఏడెనిమిది గంటలు. అందులో మూడు గంటలు బస్సులకు పోతే ఇక చూసిందేమిటి?

అందుకే నేను జాబితాకు బదులు దిక్కుల్ని ముందు పెట్టుకోమంటాను. ఒక రోజుకు ఒక దిక్కు. ఆ దిక్కులో బాగా పేరున్న చోటికి తెల్లవారగానే వెళ్ళాలి, మిగతా పగలంతా దాని చుట్టుపక్కల నడవాలి. ఈ పద్ధతి కాళ్ళ సుఖం కోసం మాత్రమే చెబుతున్నది కాదు. క్యోటో చరిత్ర ఏ రూపంలో మిగిలిందో గ్రహిస్తే ఇదే సరైన పద్ధతి అని తెలుస్తుంది. కొంచెం వివరంగా చెబుతాను.

క్యోటో కర్రతో కట్టిన ఊరు, కర్ర ఊరు ఎన్నోసార్లు కాలిపోయింది. 1467 నుంచి 1477 దాకా పదేళ్ళు సాగిన ఓనిన్ యుద్ధంలో నగరం బూడిదైంది. 1788లో వచ్చిన అగ్నిప్రమాదం రాజప్రాసాదంతో సహా ఊరిలో అధికభాగాన్ని మింగేసింది. 1864లో రాజప్రాసాద ద్వారం దగ్గర జరిగిన పోరులో మళ్ళీ మంటలు లేచాయి. ఇప్పుడు మనం చూసే రాజప్రాసాదం 1855 నాటిది. కియోమిజు ఆలయం 778లో వెలిసిందని సంప్రదాయం, కాని కొండ వాలు మీద పదమూడు మీటర్ల ఎత్తున నిలిచిన ఆ చెక్క వేదికతో ఉన్న ప్రధాన మందిరం 1633లో కట్టింది. కింకాకుజీ కథ మరీ దగ్గరిది. మాజీ షోగన్, అంటే సైనిక పాలకుడు, అషికాగ యోషిమిత్సు 1397లో మొదలుపెట్టిన ఆ మంటపాన్ని 1950లో ఒక యువ భిక్షువు తగలబెట్టాడు. ఇప్పుడున్నది 1955లో తిరిగి కట్టినది, అంటే మన నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన ఏడాది. ఇది విన్నవారు వెంటనే అడిగే ప్రశ్న ఉంది: మరి ఇంత కొత్త కట్టడాల కోసం ఏడు రోజులెందుకు? మన వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి అసలైన రాతితో ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళుగా నిలబడి ఉన్నాయి కదా?

ప్రశ్న న్యాయమైనదే. రాతి కట్టడంలో పాతదనం రాతిలోనే ఉంటుంది. చేయి వేసి తాకితే తెలుస్తుంది. కర్ర కట్టడంలో అది కట్టే తీరులో, కొలతల్లో, వడ్రంగి చేతి నేర్పులో, కట్టడం నిలిచిన చోటులో ఉంటుంది. కింకాకుజీ మంటపం 1955దే, కాని దాన్ని అద్దంలా చూపే చెరువు, అందులోని చిన్న దీవులు, వెనక కొండ ఇవన్నీ కలిసిన తోట యోషిమిత్సు కాలం నాటి కూర్పు. మంటపం దగ్గర ఫొటో తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయేవారికి కొత్త బంగారు రేకు మాత్రమే దక్కుతుంది. చెరువు చుట్టూ దారి ఎక్కడ తిరుగుతోందో, ఏ మలుపులో మంటపం దాక్కుని ఏ మలుపులో బయటపడుతోందో గమనించినవారికి ఆరు వందల ఏళ్ళ ఆలోచన కనిపిస్తుంది. అక్కడికి ఇరవై నిమిషాల నడక దూరంలో ర్యోవాంజీ ఉంది. తెల్లని గులకరాళ్ళు పరిచిన నేల, దాని మీద పదిహేను బండరాళ్ళు, చుట్టూ మట్టిగోడ, అంతే ఆ తోట. వరండాలో ఎక్కడ కూర్చున్నా కనీసం ఒక రాయి మరొక దాని చాటున ఉండిపోయేలా వాటిని అమర్చారు. లెక్కపెట్టి చూడాలంటే కూర్చోవాలి, జరగాలి, మళ్ళీ కూర్చోవాలి. పాదుకలు విప్పి, చెక్క నేల మీద అరగంట కదలకుండా ఉండగలిగే తీరిక లేనివారికి ఆ తోటలో చూడదగ్గది దాదాపు ఏమీ ఉండదు. హడావుడిగా వచ్చినవారికి ముఖం చూపించని ఊరు క్యోటో, దాని నిర్మాణమే అలాంటిది.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ ఊరు ఎలా బతికిందో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అణుబాంబు వేయదగ్గ నగరాల జాబితాలో మొదట క్యోటో పేరుంది. అమెరికా యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి దాన్ని తీయించాడు. ఆ జాబితాలోకి తర్వాత నాగసాకి వచ్చింది. జపాన్‌లోని పెద్ద నగరాలు చాలావరకు బాంబుల మంటల్లో పోయినప్పుడు క్యోటో పాత ఇళ్ళతో మిగలడం వెనక ఈ నిర్ణయం ఉంది. వీధి వైపు సన్నగా, లోపలికి పొడవుగా సాగే ఆ ఇళ్ళను మాచియా అంటారు. ముందు గదిలో అంగడి, వెనక కాపురం, నడుమ గాలీ వెలుతురూ వచ్చే చిన్న పెరడు. యుద్ధం వదిలేసిన ఆ ఇళ్ళను తర్వాతి కాలం వదల్లేదు. 2016 నాటి లెక్కకు నగరంలో నలభై వేలు మాత్రమే మిగిలాయి, ఏటా తగ్గుతూనే ఉన్నాయి. ఊరి రూపు కాపాడాలని 2007లో నగరపాలక సంస్థ కొత్త నియమాలు తెచ్చి, నడిబొడ్డున కూడా భవనాల ఎత్తు 31 మీటర్లకు మించకూడదంది. కళ్ళు చెదిరే ప్రకటన బోర్డులను తీయించింది. నిషికి అంగడి వీధికి ఉత్తరాన, దక్షిణాన ఉన్న అడ్డదారుల్లో ఏ గమ్యమూ లేకుండా ఒక మధ్యాహ్నం నడిస్తే ఈ ఇళ్ళ కర్ర జాలీలు, గుమ్మానికి వేలాడే గుడ్డ తెరలు, ఊడ్చి నీళ్ళు చల్లిన వాకిళ్ళు కనిపిస్తాయి. ఏ జాబితాలోనూ ఈ మధ్యాహ్నం ఉండదు. వారం రోజులున్నవారికే అది దక్కుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. గుళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, మూడో రోజుకే విసుగొస్తుంది అంటారు. అలా అనిపించడానికి కారణం ఎన్ని చూశామన్నది కాదు, ఏది ఎందుకుందో తెలియకుండా చూడటం. మనవారికి ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది, దాన్ని వాడుకోవాలి. క్యోటో స్టేషన్‌కు నైరుతిగా పావుగంట నడకలో తోజీ ఉంది. దాని అయిదంతస్తుల గోపురం దాదాపు 55 మీటర్లు, జపాన్‌లో అన్నిటికన్నా ఎత్తయిన చెక్క గోపురం, ఇప్పుడున్నది 1644 నాటిది. 823లో ఈ ఆలయాన్ని కూకాయ్ అనే భిక్షువుకు అప్పగించారు. చైనా వెళ్ళి మంత్రయానం నేర్చుకొచ్చి, జపాన్‌లో షింగోన్ శాఖను నిలబెట్టినవాడు ఆయన. ఉపన్యాస మందిరంలో ఆయన సంకల్పించిన ఇరవై ఒక్క విగ్రహాల మండలం ఉంది. 839లో ప్రతిష్ఠించిన వాటిలో పదిహేను ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మధ్యలో బుద్ధులు, ఒక పక్క బోధిసత్త్వులు, మరో పక్క జ్వాలల నడుమ కత్తి పట్టుకున్న అచలుడు, ఆయన తోటివారు. రెండు చివరలా ఎవరున్నారో చూడండి. తూర్పు కొసన నాలుగు ముఖాలు, నాలుగు చేతులతో పద్మం మీద కూర్చున్న మూర్తి. ఆ పద్మాన్ని నాలుగు హంసలు మోస్తున్నాయి. పడమటి కొసన ఏనుగు మీద, ఒక కాలు కిందికి వేలాడేసి కూర్చున్న మూర్తి. బ్రహ్మను, ఇంద్రుణ్ణి మనకెవరూ పరిచయం చేయనక్కర్లేదు. నాలుగు మూలలా కాపున్న దిక్పాలకుల్లో వైశ్రవణుడు, అంటే మన కుబేరుడు, ఉన్నాడు. వారి దుస్తులు చైనావి, ముఖాలు జపాన్‌వి, చేతిలోని ఆయుధాలు మనకు పరిచితమైనవి. ఆ మందిరంలో ఒక్కో మూర్తి దగ్గరా ఆగి పోల్చుకుంటూ వెళితే గంట చాలదు.

షింగోన్ గురుపరంపరలో నాగార్జునుడున్నాడు. 821లో గీసిన ఆయన చిత్రపటం తోజీ భాండాగారంలో ఉంది, ఎప్పుడో గాని బయటికి తీయరు. దక్షిణ భారతదేశంలో ఒక ఇనుప స్తూపం తలుపు తెరిచి, అక్కడ ఆయన రహస్య సూత్రాలు అందుకున్నాడని ఆ శాఖవారి కథ. ఆ స్తూపం మన కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి మహాస్తూపమే అయి ఉంటుందని భావించిన పండితులున్నారు. ఇది సంప్రదాయ కథ. రుజువైన చరిత్రగా దాన్ని చెప్పకూడదు. మాధ్యమిక తత్త్వం చెప్పిన నాగార్జునుడూ ఈ కథలోని నాగార్జునుడూ ఒకరేనా అన్న చర్చ కూడా ఉంది. అయినా పన్నెండు వందల ఏళ్ళుగా అంత దూరాన ఒక ఆలయంలో భిక్షువులు తమ గురువుల వరసలో దక్షిణదేశపు పేరును తలచుకుంటున్నారన్నది కాదనలేని సంగతి. కృష్ణాతీరం నుంచి వెళ్ళిన మనిషి తోజీ చూడకుండా, బంగారు మంటపం ముందు మాత్రం ఫొటో దిగి వచ్చేస్తే నాకు నిజంగా బాధనిపిస్తుంది.

దీనికి తోడుగా చూడవలసినది సంజూసంగెందో. దాదాపు 120 మీటర్ల పొడవున్న ఒకే ఒక్క హాలు, అందులో వెయ్యిన్నొక్క అవలోకితేశ్వర విగ్రహాలు. 1164లో కట్టిన హాలు 1249లో కాలిపోయింది. అప్పుడు మంటల్లోంచి 124 విగ్రహాలను కాపాడగలిగారు, మిగిలినవి మళ్ళీ చెక్కారు. హాలు 1266లో తిరిగి లేచింది. ఒక్కో విగ్రహానికి వేయి చేతులుంటాయని చెబుతారు గాని చెక్కినవి నలభై. ఒక్కో చెయ్యి ఇరవై అయిదు లోకాలను ఉద్ధరిస్తుందని లెక్క. వాటి ముందు వరసలో ఇరవై ఎనిమిది మంది రక్షక దేవతలు నిలుచుంటారు. అందులో పిల్లనగ్రోవి ఊదుతున్న గరుత్మంతుణ్ణి వెతికి పట్టుకోండి. రెక్కలు, ముక్కు, నోటి దగ్గర వేణువు. కృష్ణుడి చేతిలో వేణువును చూసి పెరిగినవారు గరుడుడి చేతిలో దాన్ని చూసినప్పుడు తప్పక ఆగుతారు. రెండు గుళ్ళు ఒకేలా లేవన్న సంగతి అక్కడ ఎవరూ వాదించి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఒక రోజు నడకను దగ్గరగా చూపిస్తాను, ఈశాన్యపు కొండ అంచు వెంబడి. పొద్దున ఎనిమిదిన్నరకు గింకాకుజీ తలుపులు తెరుస్తారు. అప్పటికే గుమ్మం దగ్గర ఉండాలి. యోషిమిత్సు మనవడు యోషిమస 1482లో మొదలుపెట్టిన విశ్రాంతి భవనం అది. పేరులో వెండి ఉంది గాని గోడల మీద వెండి లేదు, ఇసుకను కుప్పపోసి నున్నగా చేసిన తిన్నె, దాని పక్కన నాచు పట్టిన వాలు. అక్కడి నుంచి దక్షిణంగా ఒక చిన్న కాలువ గట్టున రెండు కిలోమీటర్ల బాట ఉంది. నిషిద కితారో అనే తత్త్వవేత్త నడిచేవాడు కాబట్టి దానికి తత్త్వవేత్త బాట అని పేరు. ఆ కాలువలో నీరు ఎటు పారుతోందో చూడండి. ఊళ్ళోని కమో నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంటే ఈ కాలువ ఉత్తరానికి పారుతుంది. కారణం తెలియాలంటే నాన్‌జెంజీ దాకా నడవాలి. ఆ జెన్ ఆలయ ప్రాంగణంలో, పైన్ చెట్ల మధ్య, ఎర్ర ఇటుకల కమానులతో ఒక నీటి వంతెన నిలబడి ఉంటుంది. 1868 తర్వాత చక్రవర్తి టోక్యోకి తరలిపోయాక క్యోటో కళ తప్పింది, జనం తగ్గారు. ఊరిని మళ్ళీ నిలబెట్టడానికి కొండ అవతలి బివా సరస్సు నీటిని సొరంగాలు తవ్వి తీసుకొచ్చారు. పని 1885లో మొదలై 1890లో పూర్తయింది. దాన్ని నడిపించిన తనబె సకురో చదువు ముగించి అప్పుడే బయటికొచ్చిన ఇరవైల్లోని ఇంజనీరు. ఆ నీటితో 1891లో కెయాగె జలవిద్యుత్ కేంద్రం మొదలైంది; ఆ కరెంటుతో 1895లో జపాన్‌లోనే మొదటి విద్యుత్ ట్రాము క్యోటో వీధుల్లో నడిచింది. పాతదనానికి పేరుపడ్డ ఊరు దేశంలో అన్నిటికన్నా ముందు కరెంటు బండి నడిపింది. అదే నీరు నాన్‌జెంజీ దగ్గరున్న మురిన్‌అన్ అనే తోటలోకి సన్నని వాగుగా ప్రవేశిస్తుంది. 1896లో పూర్తయిన ఆ తోటలో టాటామీ చాప మీద కూర్చుంటే, నీటి చప్పుడు వెనక ఒక సొరంగం, ఒక సరస్సు, ఊరి బతుకుతెరువు ఉన్నాయని తెలుస్తుంది. ఈ నడకంతా నాలుగు కిలోమీటర్లకు మించదు, ఒక పగలు పూర్తిగా పడుతుంది. ఒక్క రోజు క్యోటోలో దీనికి చోటెక్కడ?

మిగతా దిక్కులను క్లుప్తంగా చెబుతాను. ఫుషిమి ఇనారికి తలుపులు లేవు, టికెట్టు లేదు, ఇరవై నాలుగు గంటలూ వెళ్ళవచ్చు; కాబట్టి ఆరింటికే వెళ్ళండి. 233 మీటర్ల కొండ చుట్టి రావడానికి రెండు మూడు గంటలు. దిగేటప్పుడు తోరణాల వెనక వైపు నల్లని అక్షరాలు కనిపిస్తాయి, వాటిని సమర్పించిన వ్యాపారుల పేర్లు, తేదీలు. కర్ర పుచ్చిపోయినప్పుడు పాతది తీసి కొత్తది నిలబెడతారు. వడ్రంగులు, రంగులు వేసేవారు పని చేస్తుండగా చూసే అవకాశం కూడా కలగవచ్చు. కియోమిజు కూడా ఆరింటికే తెరుస్తారు. అరషియామాకు ఒక రోజు, ర్యోవాంజీ, కింకాకుజీలకు ఒక రోజు. నడిబొడ్డున నిజో కోట ఉంది, 1603లో షోగన్ తొకుగావ ఇయేయసు కట్టించినది. నడిస్తే పక్షి కూతలా కిర్రుమనే దాని చెక్క నేల మీదుగానే 1867లో ఆఖరి షోగన్ తన అధికారం వదులుకుంటున్నట్టు సామంతులకు ప్రకటించిన గదులకు వెళతాం. ఒక రోజు నారాకు, ఉజికి ఇవ్వవచ్చు. బస మారదు, పెట్టె కదలదు, రైలులో గంటలోపు దూరాలు, కాబట్టి నా వాదానికి ఇది విరుద్ధం కాదు. క్యోటో పుట్టకముందు నారాయే రాజధాని. అక్కడి మహాబుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం చేసినది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు.

జనం రద్దీ గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. 2024లో జపాన్‌కు మూడు కోట్ల అరవై ఎనిమిది లక్షలకు పైగా విదేశీ యాత్రికులు వెళ్ళారు. వారిలో చాలామంది క్యోటోకి వస్తారు, అదీ పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు మధ్య, అవే అయిదారు చోట్లకు. గియోన్ అనే పేటలో గెయిషాల వెంట పడి ఫొటోలు తీసే యాత్రికులతో విసిగిపోయి, అక్కడి నివాసులు 2024లో తమ సొంత సందుల్లోకి బయటివారు రాకూడదని, వస్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. బస మీద పన్నును 2026 మార్చి నుంచి నగరం పెంచింది. మనిషికి రాత్రికి 200 యెన్‌లతో మొదలై అత్యంత ఖరీదైన గదులకు 10,000 దాకా ఉంటుంది. ఇంత రద్దీ ఉన్న ఊళ్ళో ఏడు రోజులు ఉండమనడం ఆ భారాన్ని పెంచడమే కదా అని అడగవచ్చు. నా దృష్టిలో ఊరిని నలిపేది ఒక్క పూట కోసం దూసుకొచ్చే ప్రయాణం. ఉన్న ఒక్క పూటా అందరూ వెళ్ళే చోటికే, అందరూ వెళ్ళే వేళకే వెళ్ళక తప్పదు కాబట్టి. వారం ఉండేవారికి తెల్లవారుజాము ఉంది, వాన పడుతున్న పూట ఉంది, ఎవరూ రాని చిన్న గుడి ఉంది. సిటీ బస్సులో ఆ ఊరి ముసలివాళ్ళకు సీటు దొరకని పరిస్థితి మనవల్ల రాకూడదు. రెండు మెట్రో లైన్లు, రాండెన్ ట్రాము, కెయిహాన్, హన్‌క్యూ, జేఆర్ రైళ్ళు ఉన్నాయి. వాటితో దగ్గరికి చేరి మిగిలింది నడవండి.

తిండి గురించి మనవాళ్ళకు ఉండే భయం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. శాకాహారులకు అక్కడ అసలు చిక్కు మాంసం ముక్కల దగ్గర రాదు, పులుసు దగ్గర వస్తుంది. జపాన్ వంటకు మూలమైన దాషి అనే రసాన్ని కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఎండబెట్టి తురిమిన బొనిటో చేపతోనూ కాస్తారు. పైకి కూరగాయలే కనిపించే ఉడోన్ గిన్నెలోనూ, ఉడికించిన కూరల్లోనూ అది ఉంటుంది. నాన్‌జెంజీ చుట్టుపక్కల వేడినీళ్ళలో కొంబు వేసి కాచే టోఫు ప్రసిద్ధి; గిన్నెలోది శుద్ధ శాకమే అయినా ముంచుకు తినే సాస్‌లో చేప రసం ఉండవచ్చు. అయితే జపాన్‌లో శాకాహారికి క్యోటోని మించిన ఊరు లేదనడానికి కారణం కూడా ఉంది. భిక్షువుల వంట అయిన షోజిన్ ర్యోరిలో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే. టోఫు, సోయా పాల మీగడ యుబా, కాలానికి దొరికే కూరలు, వంకాయతో ఎర్ర షిసో ఆకు వేసి ఊరబెట్టే షిబజుకె లాంటి ఊరగాయలు ఈ ఊరి సొత్తు. చేప రసం కూడా పడదని జపాన్ లిపిలో రాయించిన చీటీ ఒకటి జేబులో పెట్టుకుంటే సగం భయం తీరుతుంది. నాలుగు ఊళ్ళు తిరిగేవారు ప్రతిపూటా కొత్త హోటలు వెతుక్కోవాలి. ఒకే ఊళ్ళో ఉండేవారికి మూడో రోజుకల్లా తమకు సరిపడే చోటు తెలిసిపోతుంది, అక్కడికే మళ్ళీ వెళతారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి మరొక్క మాట. రోజుకు పదిసార్లు చెప్పులు విప్పాలి. తేలిగ్గా విడిచే బూట్లు, చలికాలమైతే మందపాటి మేజోళ్ళు తప్పనిసరి, ఆలయాల చెక్క నేల ఎముకలు కొరికే చల్లదనం.

చివరి అభ్యంతరం అందరి మనసులోనూ ఉండేదే. అంత దూరం, అంత ఖర్చు పెట్టి వెళ్ళి ఒక్క ఊరేనా? మళ్ళీ వెళతామో లేదో, ఫూజీ పర్వతం చూడకుండా, టోక్యో చూడకుండా వస్తే నలుగురూ ఏమంటారు? మళ్ళీ వెళ్ళలేమన్న భయమే నిజమైతే, ఆ భయమే నా వైపు సాక్ష్యం చెబుతుంది. ఒక్కసారే వెళ్ళగలిగేవారు అయిదు ఊళ్ళను పైపైన చూసి వస్తే వారికి అయిదూ తెలియకుండానే మిగిలిపోతాయి. కాలికి బలపం కట్టుకుని తిరగడం ఇష్టమైనవారిని నేను తప్పుపట్టను. టోక్యోలో బంధువులున్నవారు, ఉద్యోగాల మీద అక్కడ ఉంటున్న పిల్లల్ని చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులు టోక్యోని వదలలేరు. వారు వారం పైన మరికొన్ని రోజులు పెట్టుకోవాలి గాని క్యోటో వాటా కోసుకోకూడదు. హిరోషిమా విషయంలో మాత్రం నా వాదానికి హద్దు ఒప్పుకుంటాను. ఆ స్మారకాన్ని చూడాలన్న కోరిక మనసులో బలంగా ఉన్నవారు ఒక రోజు దానికి ఇవ్వాలి. అది కాలక్షేపానికి వెళ్ళే చోటు కాదు కాబట్టి నా లెక్కలు దానికి వర్తించవు.

ఎప్పుడు వెళ్ళాలి? సకురా పూలు ఏప్రిల్ మొదట్లో, మేపుల్ ఆకుల ఎరుపు నవంబరు రెండో సగంలో. ఆ రెండు కాలాల్లో అందమూ ఎక్కువే, జనమూ గది అద్దెలూ ఎక్కువే. జూలై, ఆగస్టుల ఉక్క మన కోస్తా ఉక్కకు తీసిపోదు; జూలై 17న గియోన్ ఉత్సవపు రథాలు చూడాలన్న పట్టుదల ఉంటేనే అప్పుడు వెళ్ళాలి. ఏప్రిల్ చివర మొదలయ్యే జపాన్‌వారి వరుస సెలవులు మే మొదటి వారంతో అయిపోతాయి, వానాకాలం జూన్‌లో మొదలవుతుంది. ఆ నడుమ మూడు నాలుగు వారాలు మన బడి పిల్లల వేసవి సెలవుల్లోనే పడతాయి, ఎండ తీవ్రత ఉండదు, చెట్లు లేతాకుపచ్చగా ఉంటాయి. మే 15న అవోయ్ ఉత్సవంలో వందల మంది క్యోటో తొలి శతాబ్దాలైన హేయాన్ కాలపు దుస్తుల్లో రాజప్రాసాదం నుంచి కమో ఆలయాలకు ఊరేగుతారు. వాన వస్తే మర్నాటికి వాయిదా. మన తెలుగు కుటుంబాలకు ఇంతకన్నా అనువైన సమయం నాకు తోచడం లేదు. విమానం టికెట్ల కన్నా ముందు రెండు పనులు మొదలుపెట్టండి. నాచు తోటకు పేరున్న సైహోజీలోకి ముందుగా దరఖాస్తు చేసుకున్నవారినే రానిస్తారు. కత్సురా విహార భవనానికి రాజగృహ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తులను మూడు నెలల ముందు నుంచే తీసుకుంటారు, సోమవారాలు సెలవు, చిన్నపిల్లలకు ప్రవేశం లేదు. ఆ రెండు తేదీలు చేతికొచ్చాక మిగిలిన రోజుల్లో ఏ దిక్కు ఎప్పుడన్నది వాటి చుట్టూ సర్దుకోండి.